పెట్టె అడుగున రాసి ఉన్నది

నవ్వండి, నవ్వండి. పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నాను. కంపోజింగు గదిలో ఒకరు, బైండింగు బల్ల దగ్గర ఇద్దరు, ఆఖరికి మన మేనేజరుగారు కూడా నా మెడలోని ఈ నీలం రిబ్బను చూసి, నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. "ఏమండీ అప్‌డేట్‌గారూ, ఎక్కడైనా పతకం కొట్టారా?" అని వెనక నుంచి అరిచింది ఎవరో నాకు తెలుసు. మీరే, బైండరుగారూ.

పతకం కాదు. దాని చివర ఏముందో జేబులోంచి తీసి చూపిస్తాను, కానీ ఇప్పుడు కాదు. డబ్బాలు విప్పండి. తింటూ వినండి. మధ్యలో ఎవరూ అడ్డు తగలకండి, నాకు ఊపు పోతుంది.

ఇరవై రెండేళ్లుగా ఈ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. ఎంత చిన్న అక్షరమైనా నా కన్నుగప్పి పోలేదు. అది నా ఉద్యోగం. నా అసలు విద్య వేరే ఉంది. కొత్త ఫోను వచ్చినా, పాత యాప్ పోయినా, ఏ ఆన్‌లైన్ సర్వీసు రేటు పెంచినా, దాని మీద నా తీర్పు వెలువడితే గాని ఆ రోజు ముందుకు కదలదు. కనీసం మా ఇంట్లో కదలదు.

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని, మా ఆవిడ కుట్టుమిషను పక్కన కుర్చీ వేసుకుని, ఫోనులో వార్తలు పైకి చదువుతాను. ఆమె టైలరు. పని చేసేటప్పుడు నోట్లో గుండుసూదులు పెట్టుకుంటుంది కాబట్టి ఎదురు చెప్పదనే నా ధైర్యం. కానీ సూదులు పంటి కింద నొక్కి పెట్టి మరీ చెబుతుంది.

"మడతపెట్టే ఫోను వచ్చిందట," అన్నాను ఒకరోజు. "ఫోనుని మడతపెట్టడమేమిటి? అదేమన్నా దుప్పటా?"

"దుప్పటి అయితే మాత్రం మీరు మడతపెట్టారా ఎప్పుడన్నా?"

"మనం ఎంతసేపు నిద్రపోయామో చెప్పే వాచీ ఒకటి వచ్చింది. శుద్ధ దండగ!"

"దండగే. మీ గురక ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో నేను నిమిషాలతో సహా చెప్పగలను."

"సినిమాల సర్వీసు వాళ్లు ఇక పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వకూడదంటున్నారు. ఇది పెద్ద అన్యాయం. నేను ఖండిస్తున్నాను."

"మనం చూస్తున్నది మీ తమ్ముడి పాస్‌వర్డుతోనేగా. ఖండించక ఏం చేస్తారు?"

ఇలా సాగేది మా కాపురం. బాగానే సాగేది. తాళంచెవుల గొడవ వచ్చేదాకా.

ఒప్పుకుంటాను, ఏడాదిలో మూడు తాళంచెవులు పోగొట్టాను. మొదటిది, నా కొత్త ఫోను లైటు ఎంత దూరం పడుతుందో పక్కింటాయనకు చూపిస్తూ కాలవలో జారవిడిచాను. లైటు మాత్రం కాలవ అడుగు దాకా చక్కగా పడింది. రెండోది మీ అందరికీ తెలిసిందే, ప్రూఫుల కట్టలో ఇరుక్కుని రచయితగారింటికి పోయింది. "ఇది ఏ పేజీలో చేర్చాలి?" అని చీటీ రాసి తిప్పి పంపారాయన. అది చేరేలోగా ఇంటి తాళమే మార్చేశాం. మూడోది ఎలా పోయిందో నాకే తెలీదు. ఆ రోజు మా ఆవిడ ఊళ్లో లేదు. కింద పని చేస్తున్న పెయింటరు నిచ్చెన అడిగి, మా మొదటి అంతస్తు బాల్కనీలోకి ఎక్కి, గడియ పెట్టని తలుపు తోసుకుని దొంగలా ఇంట్లో దూరాను.

మా ఆవిడ వచ్చాక విచారణ జరిగింది.

"ఇక మీ చేతికి తాళంచెవి ఇవ్వను," అంది.

"మరి నేను లోపలికెలా రావాలి?"

"నేనుంటే తలుపు తీస్తాను. లేకపోతే మెట్ల మీద కూర్చోండి. గాలి బాగానే వస్తుంది."

కూర్చున్నాను. ఒకటి కాదు, రెండు కాదు, నెలరోజులు. ఆమె దారాలకో గుండీలకో బయటికి వెళ్లిన సాయంత్రాలన్నీ నేను మెట్ల మీదే. పైవాళ్ల పిల్లలు నన్ను "మెట్ల మామయ్య" అనడం మొదలుపెట్టారు. లోకంలోని టెక్నాలజీ అంతటికీ తీర్పు చెప్పే మనిషిని, సొంతింట్లోకి పోవడానికి దిక్కులేక మెట్ల మీద! అక్కడ కూర్చునే పథకం వేశాను.

స్మార్ట్ తాళం. ఫోనుతో తెరుచుకుంటుంది. చెవి అక్కర్లేదు. రెండు వందల పధ్నాలుగు రివ్యూలు చదివాను, ఒక్కటీ వదల్లేదు. "ద్వారపాలక్" అని కంపెనీ పేరు. తెప్పించాను.

"ఇదెందుకు?" అంది మా ఆవిడ.

"ఇక తాళంచెవి అన్న మాటే ఈ ఇంట్లో వినపడదు."

"ఫోను పోతే?"

"నా ఫోను నేను పోగొట్టుకుంటానా? అది నా ప్రాణం!"

"మరి ఇది చెడిపోతే?"

అప్పుడు చూడండి, నోరు ఊరుకోలేదు. "ఈ తాళం ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు నన్ను బయట నిలబెట్టిందంటే, ఇక ఈ ఇంట్లో టెక్నాలజీ గురించి నోరెత్తను," అన్నాను. ఆమె నోట్లోంచి సూదులు తీసి పక్కన పెట్టింది. "మళ్లీ చెప్పండి," అంది. మళ్లీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పేవాణ్నే, ఫిట్టరు వచ్చాడు.

తాళం బిగించాడు. అట్టపెట్టె మంచి గట్టిది. పారేయబోతుంటే మా ఆవిడ లాక్కుని గుండీలు పోసుకుంది.

ఆరు నెలలు రాజాలా బతికాను. జేబులోంచి ఫోను తీయడం, వేలు ఆనించడం, తలుపు క్లిక్కుమనడం. ఎవరు ఎప్పుడు తెరిచారో ఫోనులో వస్తుంది కూడా. విచిత్రం ఏమిటంటే ఆ జాబితాలో నా పేరే తప్ప మా ఆవిడ పేరు ఒక్కసారీ రాలేదు. దాని మీద కూడా ఒక సిద్ధాంతం చేశాను. "చూశావా, ఇంటి ఇల్లాలిని వచ్చేపోయే మనుషుల్లో లెక్కేయదు. ఎంత మర్యాదస్తురాలైన యాపో!" అన్నాను. ఆమె తల వంచుకుని కాజా కుట్టుకుంటోంది. భుజాలు మాత్రం కొంచెం కదిలాయి.

ఇక పోయిన నెల సంగతి. పొద్దున్నే వార్త చదివాను. "నింబో అనే సర్వీసు మూతపడుతోంది. వచ్చే నెల ఒకటో తారీఖు మధ్యాహ్నం పన్నెండింటికి ఆఖరు. దాంతో నడిచే లైట్లు వెలగవు, తాళాలు తెరుచుకోవు. వేలమంది లబోదిబోమంటున్నారు."

"అయ్యో పాపం," అంది మా ఆవిడ.

"పాపమేమిటి! కొనేముందు చిన్న అక్షరాలు చదువుకోవద్దూ? అలాంటివాళ్లు గుమ్మం బయట నిలబడాల్సిందే."

"నిలబడి?"

"సిగ్గుపడాలి."

ఆమె మిషను ఆపింది. గుండీల పెట్టె వైపు చూసింది. "మన తాళానికి పరవాలేదంటారా?"

"మనది ద్వారపాలక్. అది నింబో. ఆ మాత్రం తేడా తెలీకుండానే ఇన్నేళ్లుగా అభిప్రాయాలు చెబుతున్నానా?"

రెండు రోజులాగి ఆ పెట్టె నా ముందు పెట్టింది. "దీని అడుగున ఏదో సన్నగా రాసుంది. నా కళ్లకు ఆనడం లేదు. కాస్త చదివి పెడతారా?"

అప్పుడేమన్నానో చెప్పనా? మీరూ ఇదే అంటారు, నాకు తెలుసు. మన ప్రెస్సువాళ్లం ఎవరమైనా ఇదే అంటాం. "రోజంతా జీతానికి చదువుతాను. ఇంట్లో కూడా పెట్టెల అడుగులు చదవాలా?" అన్నాను.

"సరే," అంది. అంతే. ఆ "సరే" విని నేను భయపడాల్సింది.

మొన్న శనివారం ఒకటో తారీఖు. మా ఆవిడ పదకొండు రోజులుగా పన్నెండు నీలం గౌన్లు కుడుతోంది. పాటల టీచరుగారి బృందానికి. ఆ టీచరుగారు కాలరు రెండుసార్లు మార్పించారు, మా ఆవిడ రెండుసార్లు విప్పి కుట్టింది. సూది దిగి వేలికి కట్టు కట్టుకుని మరీ కుట్టింది. ఐదింటికి వాళ్ల కచేరీ. ఇది బాగా జరిగితే ఇంకో మూడు బృందాల పని వస్తుంది. పాడైతే ఊరంతా చెప్పుకుంటారు.

"నేను జిప్పులు తేవడానికి వెళ్తున్నాను," అంది పొద్దున. "మూడింటికి టీచరుగారు వస్తారు. మీరు ముందే వచ్చి గౌన్లు అప్పజెప్పండి."

"తలుపు తీసి ఇవ్వడమేగా!"

"అవును. తలుపు తీయడమే," అని నా వంక అదోలా చూసింది.

నేను ఒంటిపూట సెలవు పెట్టి వెళ్లింది అందుకే. పావుతక్కువ మూడుకి గుమ్మం ముందున్నాను. ఫోను తీశాను. వేలు ఆనించాను. క్లిక్కు లేదు. మళ్లీ ఆనించాను. వేలు తుడుచుకుని ఆనించాను. ఎడమచేతి వేలు కూడా ఆనించాను. ఫోనులో ఒక ముక్క వచ్చింది: "నింబో సేవలు ముగిశాయి. ఇన్నాళ్లూ మాతో ఉన్నందుకు కృతజ్ఞతలు."

నింబోకీ నాకూ ఏమిటి సంబంధం!

ఎదురింటి తలుపు తెరుచుకుంది. నర్సమ్మగారు. రిటైరై మూడేళ్లయినా మనిషిని చూడగానే నాడి పట్టుకునేలాగే చూస్తుంది. "ఏమైంది బాబూ?"

"తలుపు రావడం లేదండీ."

"తప్పెవరిది?"

వింత ప్రశ్న అనుకున్నాను. "నెట్‌వర్కుదండీ," అన్నాను.

"ఓహో," అని గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఈలోగా టీచరుగారు వచ్చారు. "ఒక్క నిమిషం," అన్నాను. తాళం అమ్మిన సైటు తెరిచి, సహాయం అన్నచోట నొక్కాను. పలికింది మనిషి కాదు, కంప్యూటరు సహాయకురాలు.

"నమస్కారం! మీకెలా సాయపడగలను?"

"తలుపు తెరుచుకోవడం లేదు," అని టైపు చేశాను.

"మీ ఇబ్బంది నాకు బాగా అర్థమైంది. తాళం వెనక వైపున్న పన్నెండు అంకెల నంబరు చెప్పండి."

"వెనక వైపు ఇంటి లోపల ఉంది."

"చాలా మంచిది. దయచేసి లోపలికి వెళ్లి చూసి రండి."

"లోపలికి వెళ్లగలిగితే నీతో నాకేం పని!"

"మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం. మాకు ఎన్ని నక్షత్రాలిస్తారు?"

"తప్పెవరిది బాబూ?" అంది నర్సమ్మగారు.

"ఈ కంపెనీదండీ! బొత్తిగా బుద్ధిలేని కంపెనీ!"

మూడున్నరైంది. టైము లేదని టీచరుగారు ఫోన్లు చేసి బృందాన్నంతా ఇక్కడికే రప్పించారు. పన్నెండు మంది ఆడవాళ్లు మా మెట్ల నిండా కూర్చున్నారు, నేను కూర్చునే మెట్టుతో సహా. ఊరికే కూర్చోవడమెందుకని గొంతులు సవరించుకోవడం మొదలుపెట్టారు. నేను ఫోను నొక్కినప్పుడల్లా "ఆ..." అని పైకి వెళ్లేవారు. తలుపు తెరుచుకోకపోతే "ఆ..." అని కిందికి దిగేవారు. మా ఆవిడకి ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు.

"తప్పెవరిది?"

"ఫోనుదండీ. అప్‌డేట్ సరిగ్గా ఎక్కినట్టు లేదు."

నర్సమ్మగారు నిట్టూర్చింది. టీచరుగారు గడియారం చూసుకున్నారు. "మీ ఆవిడ ఎప్పుడూ మాట తప్పలేదండీ," అన్నారు, చాలా మెల్లిగా. ఆ వేలి కట్టు గుర్తొచ్చింది. నా తాళం పాడైందన్న బాధ అప్పుడే పోయింది. ఆమె పదకొండు రోజుల కష్టం ఆ తలుపు వెనకుంది, అది అక్కడ చిక్కుకుపోవడానికి కారణం నేను. నిజంగా ఏడుపొచ్చింది.

కిందికి పరిగెత్తాను. అదే పెయింటరు, అదే నిచ్చెన. "మళ్లీనా సార్?" అన్నాడు. జవాబు చెప్పే ఓపిక లేదు. ఎక్కాను. బాల్కనీ కమ్మీ మీద చొక్కా చిక్కుకుని జేబు చిరిగింది. దూకాను. బాల్కనీ తలుపు తోశాను. ఈసారి లోపల గడియ పెట్టుంది.

పక్కన కిటికీ అద్దం. దాని అవతల, సరిగ్గా నా కళ్లకెదురుగా, గుండీల పెట్టె. గుండీలు లేవు. అడుగు నా వైపుకి తిప్పి, అద్దానికి ఆనించి నిలబెట్టి ఉంది. సన్నని అక్షరాలు. నా కన్ను ఆగుతుందా! మోకాళ్ల మీద కూర్చుని చదివాను.

"ఈ తాళం నింబో సేవ ద్వారా పనిచేస్తుంది. సేవ అందనప్పుడు, ఈ పెట్టె అడుగున అట్ట కింద ఉన్న రెండు తాళంచెవులలో ఒకదానితో తెరవగలరు. చెవి పెట్టే చోటు తాళం కింది మూత వెనక ఉంటుంది."

చదివి అలాగే కూర్చుండిపోయాను. రెండు వందల పధ్నాలుగు రివ్యూలు చదివాను. ఈ మూడు వాక్యాలు చదవలేదు. ఆర్నెల్ల జాబితాలో మా ఆవిడ పేరు ఎందుకు రాలేదో కూడా అప్పుడు తెలిసింది. ఆమె మొదటి రోజు నుంచీ చెవితోనే తీసుకుంటోంది.

కిందికి దిగుదామని చూస్తే నిచ్చెన లేదు. "నాలుగింటికి వేరే ఇంట్లో పనుంది సార్," అంటూ పెయింటరు వీధి మలుపు తిరుగుతున్నాడు. పన్నెండు మంది గాయనీమణులూ, టీచరుగారూ, మెట్ల మామయ్యని చూడ్డానికి పైవాళ్ల పిల్లలూ వీధిలో తలలెత్తి నిలబడ్డారు. మధ్యలో నర్సమ్మగారు.

"బాబూ! తప్పెవరిది?"

"నాదేనండీ," అన్నాను.

"వినపడలేదు. చెవులు సరిగ్గా పనిచేయవు నాకు."

"నాదేనమ్మా! తప్పు నాదే! చిన్న అక్షరాలు చదవలేదు! మా ఆవిడ చదవమన్నా చదవలేదు! టీచరుగారూ, ఆవిడ తప్పేం లేదు, ఆవిణ్ని ఒక్క మాట అనకండి, కావాలంటే ఈ అద్దం పగలగొట్టి గౌన్లు తీసిస్తాను!"

"అద్దం జోలికి పోకు," అంది నర్సమ్మగారు. "గౌన్లు మా ఇంట్లో ఉన్నాయి. పొద్దున్నే ఇస్త్రీ చేసి మరీ పెట్టి వెళ్లింది మీ ఆవిడ. ఆయన నోటితో ఆయన తప్పు ఒప్పుకోగానే ఇవ్వండి, ఒప్పుకోకపోతే నాలుగింటికి ఎలాగూ ఇచ్చేయండి అంది. ఇంకా ఐదు నిమిషాలుంది. పరవాలేదు, నెగ్గావు." ఆ వెంటనే టీచరుగారిని వెంటబెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. పన్నెండు మందీ చప్పట్లు కొట్టారు.

నాకు కోపం రావాలి. రాలేదు. గౌన్లు క్షేమం అని వినగానే బాల్కనీలో చతికిలపడి హమ్మయ్య అనుకున్నాను.

నీలం గౌన్లు తొడుక్కుని వాళ్లు వీధి దాటుతుండగా మా ఆవిడ వచ్చింది. ముందు తలుపు చప్పుడు వినపడింది. చెవితో తీసిన చప్పుడు. వచ్చి కిటికీ అవతల నిలబడింది.

"అక్కడేం చేస్తున్నారు?"

"గాలి పీల్చుకుంటున్నాను. నేను నిచ్చెన ఎక్కుతానని ఎలా తెలిసింది?"

"పోయినసారి ఎక్కింది ఎవరు?" బాల్కనీ గడియ మీద చెయ్యి వేసి ఆగింది. "ముందు అది చదవండి. పైకి."

చదివాను.

"అచ్చుతప్పులేమన్నా ఉన్నాయా?"

"లేవు."

"అయితే లోపలికి రండి."

వచ్చాను. తల దించుకుని అన్నాను, "మాటంటే మాటే. ఇక టెక్నాలజీ గురించి నోరెత్తను."

ఆమె నా చిరిగిన జేబు చూసింది. సూదిలో దారం ఎక్కించింది. "నోరు మూసుకోమని నేనెప్పుడన్నాను? పొద్దున్నే మీ గొంతు వినపడకపోతే నాకు మిషను తొక్కబుద్ధి కాదు. మీ అభిప్రాయాలు మీరు చెప్పండి. కాకపోతే పెట్టె అడుగు చదివాక చెప్పండి."

ఆదివారం పొద్దున కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "లోపల ఏమేం ఉన్నాయో అదే చెప్పే ఫ్రిజ్ వచ్చిందట," అన్నాను.

"మీ తీర్పు?"

"వాళ్ల షరతులు నలభై పేజీలున్నాయి. పదహారో పేజీలో ఉన్నాను. అయ్యాక చెబుతాను."

సూదులు పంటి కిందే ఉన్నాయి గానీ నవ్వు మాత్రం ఆగలేదు. పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నా అభిప్రాయానికి మా ఇంట్లో ఇంత విలువ ఎప్పుడూ లేదంటే నమ్మండి.

సరే, ఇక చూపిస్తాను. ఇదిగో, రిబ్బను చివర ఇది. రెండు చెవుల్లో రెండోది. నాకే ఇచ్చింది. మళ్లీ నా చేతికి తాళంచెవి వచ్చిందంటే చిన్న విషయమా! ఆ గౌన్ల బట్టలో మిగిలిన ముక్కతో రిబ్బను చేసి, ఇవాళ పొద్దున తనే నా మెడలో వేసింది.

ఏమిటి బైండరుగారూ, ముడి కోసం వెతుకుతున్నారా? వెతక్కండి, లేదు. మెడలో వేశాక కుట్టేసింది.